న్యూస్ చూడటం వేరు, పాలిటిక్స్ చదవడం వేరు

విదేశాల్లో పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవాలనుకునేవాళ్లు ప్రశ్నలు పంపండి అని పోయిన నెల అడిగాం. అడిగిన పాపానికి బోలెడు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను. నా గురించి రెండు ముక్కలు: బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్, అమెరికాలో ఆరేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత ఇదే సబ్జెక్టు పాఠాలు చెప్పుకుని బతకడం. ఏటా చలికాలంలో మాస్టర్స్ అప్లికేషన్లు చదివే కమిటీలో కూర్చుంటాను. కాబట్టి కింద రాసినవాటిలో కొన్ని బల్లకి అవతలి వైపు నుంచి చూసినవి.

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేసి మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. రోజూ మూడు దేశాల పేపర్లు చదువుతాను. ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. పొలిటికల్ సైన్స్ ఒక్క పేపరు కూడా రాయని నన్ను ఎవరైనా చేర్చుకుంటారా?

జవాబు: చేర్చుకుంటారు. మీ డిగ్రీ గురించి నాకు బెంగ లేదు. "రోజూ మూడు దేశాల పేపర్లు చదువుతాను" అన్న వాక్యం చూస్తేనే కాస్త బెంగ. అదే వాక్యం మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లోకి, అంటే ఈ చదువు ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసంలోకి, వస్తుందని నాకు అనుమానం.

నా సంగతి చెబుతాను. మొదటి ఏడాది నేను పంపిన స్టేట్‌మెంట్ "చిన్నప్పటి నుంచీ ప్రపంచ రాజకీయాలంటే నాకు ఎంతో ఆసక్తి" అని మొదలైంది. శాంతి, పేదరికం, వాతావరణం, ఉగ్రవాదం, అన్నీ రెండు పేజీల్లో కుక్కాను. అప్లై చేసిన రెండు చోట్లా రాలేదు. ఇప్పుడు కమిటీలో కూర్చుంటే ఆ మొదటి వాక్యం నాకు రోజూ ఎదురవుతుంది. చదివిన ప్రతిసారీ పాత ఫొటో చూసినట్టు సిగ్గేస్తుంది.

రెండో ఏడాది అన్నీ తీసిపారేసి ఒకే ఒక్క సంగతి రాశాను. సింధు జలాల ఒప్పందం మీద భారత్, పాకిస్తాన్ 1960లో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో సంతకాలు పెట్టాయి. 1965లో యుద్ధం వచ్చింది, 1971లో వచ్చింది, ఒప్పందం మాత్రం పోలేదు. మరే విషయంలోనూ కుదరని ఈ ఇద్దరికీ నీళ్ల దగ్గర ఎలా కుదిరింది? ఉమ్మడిగా వాడుకోకుండా తూర్పు మూడు నదులు ఒకరికి, పడమటి మూడు నదులు ఒకరికి అని విడదీసుకున్నందుకా? మధ్యలో మూడో మనిషి ఉన్నందుకా? తెంచుకుంటే ఇద్దరికీ నష్టమనా? ఈ మూడింటిలో ఏది బలమైన కారణమో తేల్చడానికి ఏ ఇతర నదుల ఒప్పందాలతో పోల్చి చూస్తానో రాశాను. అంతే. సీటొచ్చింది. 2025 ఏప్రిల్‌లో భారత్ ఆ ఒప్పందం అమలును ఆపేసింది కాబట్టి ఇవాళ అదే రాసేవాళ్లకి పని ఇంకొంచెం పెరిగింది: రెండు యుద్ధాలకి ఆగనిది ఇప్పుడెందుకు ఆగిందో కూడా చెప్పాలి. నిజానికి ప్రశ్న ఇంకా బాగుపడింది.

పేపర్ చదివితే ఏం జరిగిందో తెలుస్తుంది. ఎందుకలా జరిగింది, ఇంకోలా ఎందుకు జరగలేదు అని పట్టుకుని పీకడమే ఈ చదువు. మీ దగ్గర అలాంటి ప్రశ్న ఒక్కటి ఉంటే మీ డిగ్రీ ఏదని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇక ఎక్కడ అప్లై చేయాలన్నది. పేర్లన్నీ ఒకేలా ఉంటాయి కానీ లోపలి సరుకు వేరు. అమెరికాలో జార్జ్‌టౌన్, టఫ్ట్స్‌లోని ఫ్లెచర్, జాన్స్ హాప్‌కిన్స్ సైస్ లాంటివి ప్రొఫెషనల్ స్కూళ్లు. ఎక్కువగా రెండేళ్ల కోర్సులు. అక్కడ పని అనుభవానికి విలువ ఇస్తారు, ఇంజినీర్లూ లాయర్లూ మాజీ సైనికులూ ఒకే క్లాసులో కనిపిస్తారు. బ్రిటన్‌లో ఎం.ఎస్సీ. అంటే సాధారణంగా ఒక్క ఏడాది. సిద్ధాంతం ఎక్కువ, ఊపిరి తీసుకునే టైమ్ తక్కువ. సెప్టెంబర్‌లో అడుగుపెడితే క్రిస్మస్ లోపల డిసర్టేషన్ (చివర్లో రాసే పరిశోధన వ్యాసం) టాపిక్ అడుగుతారు. పారిస్‌లో సియాన్స్ పో వాళ్ల ఇంటర్నేషనల్ అఫైర్స్ స్కూల్‌లో రెండేళ్లు, అందులో మూడో సెమిస్టర్ క్యాంపస్ బయట. కోర్సులు మారేవాళ్లకి ఒక్క ఏడాది కంటే రెండేళ్లే మేలని నా అభిప్రాయం. మొదటి ఆరు నెలలు భాష పట్టుబడటానికే పోతాయి. భాష అంటే ఇంగ్లిష్ అనుకోకండి, ఈ సబ్జెక్టు మాట్లాడే భాష.

ఇంకో మాట. మీకు కోడింగ్ వచ్చు. ఈ సబ్జెక్టులో సగం మంది రిగ్రెషన్ లాంటి గణాంకాల పద్ధతులంటే పారిపోతారు. మీరు గణాంకాలకి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. పార్లమెంటు ప్రసంగాలు వేల సంఖ్యలో తీసుకుని విశ్లేషించే పనికి మీలాంటివాళ్ల కోసం ప్రొఫెసర్లు వెతుక్కుంటారు. ఆ సంగతి స్టేట్‌మెంట్‌లో రెండు వాక్యాల్లో రాయండి. సాఫ్ట్‌వేర్‌లో చేరి తప్పు చేశానని మాత్రం రాయొద్దు. చాలామంది రాస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి విదేశంలో పొలిటికల్ సైన్స్ డిగ్రీ చేస్తానంటోంది. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుందట. తండ్రిగా నాకు ఒకటే టెన్షన్. అంత ఖర్చు పెట్టాక ఉద్యోగం వస్తుందా?

జవాబు: అయ్యా, మీ టెన్షన్ న్యాయమైనదే. తియ్యటి మాటలు చెప్పను.

ఐక్యరాజ్యసమితి ముందు. కింది స్థాయి నుంచి లోపలికి వెళ్లడానికి అందరికీ తెలిసిన ద్వారం యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ అనే పరీక్ష. వయసు 32 దాటకూడదు, డిగ్రీ ఉండాలి, ఇంగ్లిషో ఫ్రెంచో బాగా రావాలి. దానికి మించి ఇంకో మెలిక ఉంది: ఆ ఏడాది పాల్గొనే దేశాల జాబితాలో మన దేశం ఉండాలి. సిబ్బందిలో తమ వాటా కన్నా తక్కువమంది ఉన్న దేశాలకే ఆ అవకాశం. మీ అమ్మాయి ఎంత బాగా చదివినా జాబితా ఆమె చేతిలో లేదు. జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ అని ఇంకో దారి ఉంది, కానీ ఆ జీతాలు ఇచ్చేది దాత దేశాలు, ఎక్కువగా తమ పౌరులకే ఇస్తాయి. సెక్రటేరియట్‌లో ఇంటర్న్‌షిప్‌లకి జీతం లేదు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో సొంత ఖర్చుతో ఉండాలి. అంటే తలుపు మూసి ఉందని కాదు. ఇరుకుగా ఉంది. చాలామంది ముప్పై దాటాక, ఏదో ఒక రంగంలో పని నేర్చుకుని, స్పెషలిస్టులుగా వెళతారు.

వాషింగ్టన్‌లో ఇంకో గోడ ఉంది. విదేశాంగ శాఖ, రక్షణ శాఖ లాంటి చోట్ల ఉద్యోగాలకి అమెరికా పౌరసత్వం అడుగుతారు. మా క్లాసులో ఇది రెండో ఏడాది తెలుసుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. సొంత దేశపు దౌత్యవేత్త కావాలంటే సొంత దేశపు పరీక్షే రాయాలి, విదేశీ పట్టా దానికి షార్ట్‌కట్ కాదు.

మరి ఈ చదువు చదివినవాళ్లంతా ఏమయ్యారు? నాతో చదివినవాళ్లలో ఒకామె బ్యాంకులో ఆంక్షల విభాగంలో ఉంది. ఏ దేశంలో ఎవరి ఖాతాలోకి డబ్బు వెళితే ఏ చట్టం అడ్డొస్తుందో చూడటం ఆమె పని. రష్యా మీద ఆంక్షలు పెరిగిన 2022లో తనకి నిద్రే లేదంది. ఇంకొకరు బీమా కంపెనీలకి పొలిటికల్ రిస్క్ రిపోర్టులు రాస్తారు. ఒకతను ఎన్నికల సర్వేలు చేసే సంస్థలో, ఇద్దరు శరణార్థుల సంస్థల్లో, ఒకామె టెక్ కంపెనీ పాలసీ టీమ్‌లో ఉన్నారు. ఒకతను ఇదంతా వదిలేసి హైస్కూల్లో హిస్టరీ చెబుతున్నాడు, మా అందరికన్నా హాయిగా ఉన్నాడు. ఎవరి కార్డు మీదా "రాజనీతి శాస్త్రవేత్త" అని లేదు. ఉద్యోగం తెచ్చింది డిగ్రీ పేరు కాదు, దాని పక్కన పెట్టుకున్నది: లెక్కలు, ఇంకో భాష, ఒక ప్రాంతం మీద పట్టు, రెండు పేజీల్లో సూటిగా రాయగలగడం.

వీసా సంగతి కూడా ఖర్చు లెక్కలో పెట్టుకోండి. అమెరికాలో చదువయ్యాక పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు అయితే మరో 24 నెలలు కలుస్తాయి. మామూలు పొలిటికల్ సైన్స్ స్టెమ్ కిందకి రాదు. అయితే 2022లో సోషల్ సైన్స్ పరిశోధన పద్ధతుల కోర్సుల కోడ్ ఒకటి స్టెమ్ జాబితాలో చేరింది. లెక్కలు బాగా ఉన్న కొన్ని ప్రోగ్రాములు ఆ కోడ్‌తో నడుస్తాయి. చేరే ముందు "మీ ప్రోగ్రామ్ కోడ్ ఏది?" అని ఒక్క మెయిల్ రాయించండి. ఆ జవాబు రెండేళ్ల విలువ చేస్తుంది. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. ఈ రూల్స్ తరచుగా మారతాయి కాబట్టి కన్సల్టెన్సీ వాళ్ల నోటి మాట కాక ఆయా ప్రభుత్వాల సైట్‌లోనే చూసుకోండి.

నా సలహా అడిగితే: డిగ్రీ దగ్గర్లో చేయించి, మాస్టర్స్‌కి పంపండి. పదిహేడేళ్లకి ఇష్టం ఏమిటో తెలుస్తుంది, ప్రశ్న ఏమిటో తెలియదు. అమ్మాయి నా మీద కోప్పడుతుంది, ఫరవాలేదు.

ప్రశ్న: ర్యాంకింగ్‌లో మొదటి పదిలో లేని యూనివర్సిటీలో ఐఆర్ (ఇంటర్నేషనల్ రిలేషన్స్) చదివితే విలువ ఉంటుందా?

జవాబు: ప్రపంచంలో మొట్టమొదటి ఇంటర్నేషనల్ రిలేషన్స్ విభాగం ఎక్కడ పెట్టారో తెలుసా? లండన్‌లో కాదు, వాషింగ్టన్‌లో కాదు. వేల్స్‌లో ఎబరిస్ట్‌విత్ అనే చిన్న సముద్రతీరపు ఊళ్లో, 1919లో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది, చనిపోయినవాళ్లలో ఆ కాలేజీ పిల్లలూ ఉన్నారు. ఇంకోసారి ఇలా జరగకుండా యుద్ధాలు ఎందుకొస్తాయో చదవాలని డేవిడ్ డేవిస్ అనే సంపన్నుడు డబ్బిచ్చి ఒక ప్రొఫెసర్ పదవి పెట్టించాడు. ఆ పదవికి అప్పటి అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పేరు పెట్టారు. స్వీడన్‌లోని ఉప్సాలాలో అయితే రాజకీయాలకి ప్రొఫెసర్ పదవి 1622 నుంచే ఉంది.

ర్యాంకు కన్నా ముందు కోర్సు పేజీ తెరవండి. ఏ ఆప్షన్లు ఉన్నాయి, అవి ఎవరు చెబుతారు, మీకు కావాల్సిన ప్రాంతం మీద పనిచేసే ఒక్క మనిషైనా ఉన్నారా అని చూడండి. మధ్య ఆసియా మీద పని చేయాలనుకుని, అది చెప్పేవాళ్లే లేని పెద్ద పేరు యూనివర్సిటీకి వెళ్లి, ఏడాదంతా అమెరికా విదేశాంగ విధానం చదివి వచ్చిన స్టూడెంట్ నాకు తెలుసు. ఊరు కూడా చూడండి. హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది, లైడెన్ యూనివర్సిటీకి అక్కడ ఒక క్యాంపస్ ఉంది. జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో), ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) అన్నీ ట్రామ్ దూరంలోనే. అక్కడి గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి రోజుల్లో, 1927లో మొదలైంది. సాయంత్రం ఒక ఉపన్యాసానికి వెళితే పక్క కుర్చీలో ఆ పని చేసే మనిషే కూర్చుంటారు. ఏ ర్యాంకింగూ ఇది లెక్క పెట్టదు.

ప్రశ్న: జర్మనీలో చదువు ఫ్రీ అంటారు. నిజమేనా? స్కాలర్‌షిప్ లేకుండా నాకు కుదరదు.

జవాబు: చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ లేదు, నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో ఇంకా ఎక్కువ. ట్యూషన్ లేకపోయినా ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. అది మీ డబ్బే, నెలకి 992 చొప్పున వెనక్కి వస్తుంది, కానీ ముందు ఉండాలి కదా. మన సబ్జెక్టులో పూర్తిగా ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులు ఇంజినీరింగ్‌తో పోలిస్తే తక్కువ. ఫ్రీ అని పాత బ్లాగుల్లో చదివి నార్వేకి కూడా అప్లై చేస్తుంటారు. 2023 నుంచి అక్కడా ఫీజు ఉంది.

స్కాలర్‌షిప్‌ల్లో రెండు మీరు తప్పక చూడాలి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్: కనీసం రెండు దేశాల్లో చదువు, ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. అదే కోర్సులో సొంత ఖర్చు సీట్లు కూడా ఉంటాయి, ఆఫర్ రాగానే ఎగిరి గంతేయకుండా ఏ సీటో చూసుకోండి. రెండోది బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్: బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్, మొత్తం ఖర్చు వాళ్లదే. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, అంటే సుమారు రెండేళ్లు. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. చెవెనింగ్ వ్యాసాల్లో "నాయకత్వం" గురించి రాయమంటే అందరూ కాలేజీ ఫెస్ట్ గురించి రాస్తారు. మీరు ఒక మనిషి మనసు మార్చిన సంఘటన రాయండి, అది ఎంత చిన్నదైనా.

ప్రశ్న: ఫ్రెంచ్ తప్పనిసరా?

జవాబు: కాదు. కానీ ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ పని భాషలు రెండే: ఇంగ్లిష్, ఫ్రెంచ్. ఆఫ్రికా మీద పని చేయాలనుకుంటే ఇవాళే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాస్టర్స్ చేసి పీహెచ్‌డీకి వెళ్లాలా, నేరుగా వెళ్లవచ్చా?

జవాబు: అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా వెళ్లవచ్చు. మొదటి రెండేళ్లు కోర్సులు, తర్వాత కాంప్రహెన్సివ్ పరీక్షలు, ఆపైన థీసిస్, మొత్తం అయిదారేళ్లు. మంచి విభాగాల్లో ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. నిధులు లేని పీహెచ్‌డీ ఆఫర్ వస్తే వద్దనండి. బ్రిటన్‌లో మూడు నాలుగేళ్లే కానీ మాస్టర్స్ అడుగుతారు, మొదటి రోజే రీసెర్చ్ ప్రపోజల్, సూపర్‌వైజర్ కావాలి. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు "మీ అద్భుతమైన పరిశోధన" అనకుండా, ఆయన పేపర్‌లో మీకు నచ్చని ఒక వాదన ప్రస్తావించండి. జవాబొస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను వచ్చి ఏడు వారాలైంది. మాస్టర్స్ మొదటి టర్మ్. వారానికి రెండు వందల పేజీలు చదవమంటారు. రాత్రి రెండింటిదాకా చదివినా అవ్వదు. సెమినార్‌లో నోరు పెగలదు. మిగతా అందరూ ఎంత బాగా మాట్లాడతారో. ఎస్సే మీద 52 వచ్చింది. ఎప్పుడూ ఫస్ట్ క్లాసే వచ్చిన నేను ఎందుకొచ్చానా అనిపిస్తోంది.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అంటున్నాను. ముందు ఆ 52 గురించి. బ్రిటిష్ లెక్కలో 70 దాటితే డిస్టింక్షన్, 80 దాటినవి నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. 52 అంటే పాస్. నా మొదటి ఎస్సేకి 54.

ఆ ఎస్సే ఇంకా నా దగ్గరుంది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన మీలియన్ సంవాదం మీద రాశాను. నీకూ మొదటి వారం అదే ఇచ్చుంటారు: క్రీస్తు పూర్వం 416లో ఏథెన్స్ వాళ్లు మీలోస్ అనే చిన్న దీవికి నౌకలతో వచ్చి లొంగిపొమ్మంటారు. మీలోస్ వాళ్లు న్యాయం గురించి మాట్లాడబోతే, ఏథెన్స్ వాళ్లు బలం సమానంగా ఉన్నవాళ్ల మధ్యే న్యాయం, బలవంతుడు చేయగలిగింది చేస్తాడు, బలహీనుడు పడాల్సింది పడతాడు అంటారు. మీలోస్ వినదు. ముట్టడి, ఆపైన మగవాళ్ల ఊచకోత. నేను ఎవరు ఏమన్నారో, వ్యాఖ్యాతలు ఏమన్నారో పదిహేను పేరాల్లో పూసగుచ్చినట్టు రాశాను. మా ట్యూటర్ నాలుగో పేజీ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఇలా రాసింది: "ఇది ఎవరి మాట? ఆయనదా, నీదా?" ఆరో పేజీలో మళ్లీ అదే. చివర్లో: "అందరూ ఉన్నారు, నువ్వు తప్ప."

చెప్పింది తప్పు లేకుండా అప్పజెప్పితే మార్కులొచ్చిన చోటి నుంచి వచ్చాను, ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక టర్మ్ పట్టింది. ఆ మీలియన్ సంవాదాన్నే తీసుకో. క్లాసులో అందరూ "చూశారా, బలమే రాజకీయం" అని రియలిజానికి, అంటే రాజ్యాల మధ్య నడిచేది బలమే అనే సిద్ధాంతానికి, సాక్ష్యంగా వాడతారు. కానీ అదే పుస్తకంలో, తర్వాతి ఏడాదే ఏథెన్స్ సిసిలీ మీదకి దండెత్తుతుంది, అక్కడ సైన్యమంతా నాశనమవుతుంది. బలం మీద అంత నమ్మకం ఉన్నవాళ్లే ఎందుకు పడ్డారు? థుసిడిడీస్ ఆ రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెట్టాడు? నాకు తోచింది ఇది, దీనికి ఆధారం ఇది, ఎదుటివాళ్లు ఫలానా అంటారు, దానికి నా సమాధానం ఇది. ఎస్సే అంటే ఇంతే. నేను ఆ టర్మ్‌లో రెండోసారి రాసినప్పుడు పేజీలు తగ్గాయి, 68 వచ్చింది.

రెండు వందల పేజీల సంగతి. ఎవరూ చదవరు, పాఠం చెప్పేదాన్ని చెబుతున్నాను. ఏ వ్యాసమైనా ముందు దాని మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదువు. ఆ మనిషి ఎవరితో పోట్లాడుతున్నాడో కనిపెట్టు. ఈ సబ్జెక్టులో ప్రతి వ్యాసమూ ఎవరితోనో పోట్లాటే. వాల్ట్జ్ అనే సిద్ధాంతకర్త రాజ్యాల మధ్య పెద్ద దిక్కు లేకపోవడమే పోటీకి కారణమంటే, వెండ్ట్ అనే ఇంకో సిద్ధాంతకర్త 1992లో ఆ లేమిని రాజ్యాలు ఎలా తీసుకుంటే అలా ఉంటుందంటాడు. ఆ గొడవ పట్టుకుంటే మధ్యలోని ఇరవై పేజీలు ఎక్కడ ఆగి చదవాలో నీకే తెలుస్తుంది. వారానికి ఒక్క వ్యాసం మాత్రం పూర్తిగా, పెన్సిల్ పట్టుకుని చదువు. మిగతావాటికి ఒక్కోదానికి మూడు లైన్లు: ఏమంటాడు, ఆధారమేంటి, ఎక్కడ నాకు నచ్చలేదు. రాత్రి రెండింటికి పడుకోవడం మానెయ్, అలా చదివింది పొద్దున్నకి నిలవదు.

ఇక నోరు పెగలకపోవడం. బాగా మాట్లాడేవాళ్లంతా చదివి వచ్చారనుకుంటున్నావు చూడు, అది నీ భ్రమ. వాళ్లలో సగం మందికి చదవకుండా మాట్లాడటం స్కూల్లోనే నేర్పారు, అదీ ఒక విద్యే. గొప్ప మాట కోసం ఎదురుచూడకు. ఆ మూడో లైను ఉంది కదా, నచ్చనిది, అదే ప్రశ్నగా అడుగు. "ఇది యూరప్ రాజ్యాల కథలాగే ఉంది, వలస పాలన నుంచి బయటపడిన రాజ్యాలకి ఎలా వర్తిస్తుంది?" ఇలాంటిది చాలు. ఆ ప్రశ్న అడగగలిగే స్థానంలో ఆ గదిలో బహుశా నువ్వొక్కదానివే ఉన్నావు. ట్యూటర్ స్టూడెంట్ల కోసం కేటాయించే ఆఫీస్ అవర్స్‌కి ఆ 52 పేపర్ పట్టుకుని వెళ్లు, మార్కుల గురించి కాకుండా ఒక పేరా చూపించి "దీన్ని మీరైతే ఎలా తిరగరాస్తారు?" అని అడుగు. వాళ్లు ఆ గంటంతా ఎవరైనా వస్తారేమోనని తలుపు వంక చూస్తూ కూర్చుంటారు. నేనూ అంతే.

వచ్చే సెమినార్‌లో మొదటి పది నిమిషాల్లోనే చెయ్యెత్తు. ఆలస్యం చేసేకొద్దీ గుండె దడ పెరుగుతుంది, నువ్వు అనుకున్నది ఇంకెవరో అనేస్తారు.